పంజరంలో పిట్టకూ ఒక రాత్రి కావాలి

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో పెంపుడు పిట్టల పంజరం చాలావరకు రెండే చోట్ల ఉంటుంది. డాబా ఇంట్లో అయితే వీధి వైపు వరండాలో, అపార్ట్‌మెంట్‌లో అయితే హాల్లో టీవీకి నాలుగడుగుల దూరంలో. పిట్టలు కళ్ళ ముందు తిరుగుతూ ఉండాలన్న ముచ్చటే దానికి కారణం. సాయంత్రం అయ్యేసరికి ఇంటిల్లిపాదీ చేరేదీ అక్కడే. టీవీ సీరియళ్ళు, పిల్లల హోంవర్కు, వంటింట్లో కుక్కర్ కూతలు, వచ్చిపోయే చుట్టాలు, రాత్రి 11 దాకా వెలిగే ట్యూబ్‌లైటు. అంతసేపూ పిట్ట కర్ర మీదే కూర్చుని ఉంటుంది. కళ్ళు మూస్తుంది, ఎవరైనా పక్కనుంచి నడిస్తే తెరుస్తుంది, మళ్ళీ మూస్తుంది. మర్నాడు మధ్యాహ్నం అది ఈకలు ఉబ్బించుకుని మాగన్నుగా ఉంటే, తిండి ఎక్కువై బద్ధకిస్తోందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు.

మేత విషయంలో ఇక్కడివాళ్ళు పెద్దగా లోటు చేయరు. కొర్రలు, గంటెలు (సజ్జలు) కడిగి ఎండబెట్టి వేస్తారు. కొత్తిమీర కాడలు గుచ్చుతారు. రోజూ నీళ్ళు మారుస్తారు. పిట్ట నలతపడితే మొదటి అనుమానం గింజల మీదికి, రెండోది చలిగాలి మీదికి పోతుంది. నిద్ర చాలలేదేమో అన్న అనుమానం మాత్రం రాదు. ఈకలు పీక్కోవడం, మచ్చికైన పిట్ట ఉన్నట్టుండి కరవడం, ఆగకుండా గుడ్లు పెట్టడం, మాటిమాటికీ జబ్బు పడడం వంటి ఫిర్యాదులకు కారణాలు చాలానే ఉంటాయి. వాటిలో తరచుగా ఎవరి కంటా పడనిది, పిట్టకు సరైన రాత్రి దక్కకపోవడం.

ఈ జిల్లాల్లో లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న చిలకల్లో ఎక్కువ భాగం బడ్జీలే. బడ్జీలు, తల మీద కుచ్చు ఉండే కాక్టెయిల్స్ అనే చిలకలు ఆస్ట్రేలియా పిట్టలు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. ఇవి కాక జీబ్రా ఫించ్‌లు, పావురాలు. అన్నీ పగటి పిట్టలే, పొద్దుగుంకగానే గుంపుగా తమ చోటు చేరేవే. బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు. అంత చిన్న ఒంటికి రాత్రంతా ఆధారం సందె వేళ తిన్న గింజలే, అందుకే చీకటి పడబోయే ముందు అవి ఆత్రంగా మేత మీద పడతాయి. ఆ తర్వాత గంటల తరబడి మేలుకొని, ఉలిక్కిపడుతూ గడిపితే తెల్లారేదాకా సరిపోవాల్సిన బలం ముందే ఖర్చయిపోతుంది.

పక్షులకు కూడా గాఢ నిద్ర, కలల నిద్ర రెండూ ఉంటాయి. కలల నిద్ర మాత్రం ఒక్కో విడతకు కొన్ని సెకన్లే. దీనికి తోడు వాటికి మనకు లేని ఇంకో నేర్పు ఉంది. మెదడులో ఒక సగాన్ని నిద్రపుచ్చి, రెండో సగాన్ని కాపలా ఉంచగలవు. అప్పుడు ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి ఉంటుంది. 1999లో ఇండియానా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు బాతులను వరసగా పడుకోబెట్టి గమనించారు. నడుమ ఉన్న బాతులు రెండు కళ్ళూ మూసుకుని హాయిగా నిద్రపోయాయి. వరస చివర ఉన్నవి ఎక్కువసేపు సగం మెదడుతోనే పడుకున్నాయి, తెరిచిన కన్ను గుంపుకు బయటి వైపే ఉంచాయి. పక్కన తోడు ఉందా, అటునుంచి ఏదైనా రావచ్చా అన్నదాన్ని బట్టి పక్షి తన నిద్రను తగ్గించుకుంటుందన్నమాట. హాల్లో మూడు వైపులా మనుషులు తిరిగే చోట వేలాడే పంజరంలో ప్రతి పిట్టా వరస చివర ఉన్న బాతే.

ఈ నేర్పు చూసి పిట్టలకు నిద్ర అంతగా అక్కర్లేదని కొందరు తీర్మానిస్తారు. అది పొరపాటు. సముద్రం మీద రోజుల తరబడి ఎగిరే ఫ్రిగేట్ పక్షుల మెదడు సంకేతాలను గాలపాగోస్ దీవుల దగ్గర రికార్డు చేసి 2016లో ప్రకటించారు. ఎగిరేటప్పుడు అవి రోజుకు సగటున 42 నిమిషాలే నిద్రపోయాయి. నేల మీదికి చేరాక రోజుకు 12 గంటలకు పైగా పడుకున్నాయి. అవసరం పడినప్పుడు ఓర్చుకుంటాయి, వీలు దొరకగానే బాకీ తీర్చుకుంటాయి. పంజరంలో ఉన్నదానికి ఆ వీలు ఎవరో ఒకరు ఇవ్వాలి. పగలు కునికి సరిపెట్టుకుంటుందిలే అనుకోవచ్చు గానీ, ఆ కునుకు పనిమనిషి చీపురుకు, డోర్‌బెల్‌కు, పంజరం తీగల్లోంచి వేలు దూర్చే పిల్లాడికి చెదిరిపోతూనే ఉంటుంది.

నేర్చుకోవడానికీ నిద్రకూ సంబంధం ఉంది. జీబ్రా ఫించ్ పగలు పాడిన పాటకు సంబంధించిన మెదడు కదలికలు రాత్రి నిద్రలో మళ్ళీ నడుస్తాయని షికాగో యూనివర్సిటీ పరిశోధకులు 2000లో చూపించారు. పిట్టకు మాటలు నేర్పాలని రాత్రి పొద్దుపోయేదాకా పంజరం ముందు కూర్చునేవాళ్ళు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. పాఠం ఎంతసేపు చెప్పారన్నది ఎంత ముఖ్యమో, ఆ తర్వాత పిట్టను ఎంత ప్రశాంతంగా పడుకోనిచ్చారన్నదీ అంతే ముఖ్యం.

ఇక వెలుతురు సంగతి. పిట్ట కళ్ళు మూసుకుంటే చీకటే కదా అనిపిస్తుంది. పక్షి శరీరం అలా పనిచేయదు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాక్ బెన్వా 1930లలోనే చూపు లేని బాతుల మీద ప్రయోగాలు చేసి, పొడవైన పగటి వెలుతురు పడితే వాటి సంతాన గ్రంథులు మామూలుగానే పెరుగుతున్నాయని గుర్తించారు. తర్వాత అమెరికాలో మైఖేల్ మెనేకర్ బృందం పిచ్చుకల మీద ఇంకో అడుగు ముందుకు వేసింది. పిచ్చుక తల మీద చర్మం కింద నల్ల సిరా ఎక్కిస్తే వెలుతురుకు దాని స్పందన తగ్గిపోయింది. పుర్రె ఎముక గుండా లోపలికి దిగే వెలుతురును పక్షి మెదడు నేరుగా పట్టుకుంటుందని దీనివల్ల తేలింది. కళ్ళు మూసినా, తలను వీపు ఈకల్లో దాచుకున్నా, గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతుంటే మెదడుకు ఇంకా పొద్దు ఉన్నట్టే. 2020లో మెల్‌బోర్న్ పరిశోధకులు వీధి దీపాల స్థాయి వెలుతురులో పావురాలను, మ్యాగ్‌పై పిట్టలను పడుకోబెట్టి చూశారు. ఆ కొద్దిపాటి వెలుతురుకే రెండింటి నిద్రా చెదిరింది. కాషాయం రంగు లైటు పెడితే మ్యాగ్‌పైలకు కొంత నయమైంది, పావురాలకు మాత్రం దానివల్ల కూడా ఊరట దొరకలేదు. వరండాలో వేలాడే పంజరాల మీద ఇప్పుడు రాత్రంతా పడుతున్నది తెల్లటి ఎల్‌ఈడీ వీధి లైటే.

మన ప్రాంతపు ప్రకృతి పిట్టలకు ఇచ్చే రాత్రి ఎంతో లెక్క వేస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. శ్రీకాకుళం ఉత్తర అక్షాంశం సుమారు 18.3 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ జూన్ నెలాఖరులో పొద్దు 5:20 ప్రాంతంలో పొడిచి, సాయంత్రం 6:30కి కుంగుతుంది. డిసెంబరు చివర 6:20కి పొడిచి, 5:25కల్లా కుంగుతుంది. అంటే ఏడాది పొడవునా రాత్రి ఇంచుమించు 11 గంటల నుంచి 13 గంటల మధ్యే ఉంటుంది. పెంపుడు చిలకలకు 10 నుంచి 12 గంటల చీకటి, ప్రశాంతత కావాలని పక్షి వైద్యులు చెప్పే మాటకు ఇది సరిగ్గా సరిపోతుంది. హాల్లో లైటు 11కి ఆర్పి, జూన్‌లో 5:20కే కిటికీలోంచి వెలుగు వచ్చే ఇంట్లో పిట్టకు దక్కేది ఆరు గంటల చిల్లర. అందులోనూ ఒంటిగంటకు ఒకరు మంచినీళ్ళకు లేస్తారు, మూడింటికి బస్సు దిగిన చుట్టం తలుపు తడతాడు.

విచిత్రం ఏమిటంటే, పల్లెల్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పొద్దు వాలగానే నాటు కోళ్ళు వాటంతట అవే గూటికి చేరతాయి. గంప కింద మూసి బరువు పెట్టేస్తారు. తెల్లవారేదాకా ఎవరూ ఆ గంప ఎత్తరు. కోడికి సందె వేళే రాత్రి అని ఒప్పుకునే ఇంట్లోనే, హాల్లోని బడ్జీలకు మాత్రం 11 దాకా పగలు నడుస్తుంది. కోడి ఇంటి సరుకు, బడ్జీ ఇంటి ముచ్చట. ముచ్చట కోసం తెచ్చుకున్న పిట్టకు ముచ్చట తీరేదాకా నిద్ర ఉండదు.

వెలుతురు పెరిగితే ఏం జరుగుతుందో కోళ్ళ ఫారాలు నడిపేవాళ్ళకు మరీ బాగా తెలుసు. గుడ్లు పెట్టే లేయర్ కోళ్ళకు సాధారణంగా రోజుకు 16 గంటల వెలుతురు ఇస్తారు. పగలు పొడవైందంటే గుడ్లు పెట్టే కాలం వచ్చిందని పక్షి శరీరం లెక్క వేసుకుంటుంది, గుడ్ల సంఖ్య పెరుగుతుంది. అదే లెక్క హాల్లోని పంజరంలో కూడా నడుస్తుంది, కాకపోతే అక్కడ దాన్ని ఎవరూ కావాలని నడపరు. దీనికి ఇంకో రెండు తోడవుతాయి. బడ్జీలు ఆస్ట్రేలియా లోపలి మెట్ట నేలల్లో వానల వెంట తిరిగే పిట్టలు. వాన పడి గడ్డి గింజ విరివిగా దొరికినప్పుడు గబగబా పిల్లలను లేపుకుంటాయి, కరువు రాగానే ఆపేస్తాయి. ఇక్కడ గిన్నెలో గింజ ఎప్పుడూ నిండుగా ఉంటుంది, కోస్తా గాలిలో తేమకు కొదవ లేదు. పైగా పంజరంతో పాటే అమ్మేవాళ్ళు గూడుగా ఒక మట్టి కుండ కూడా కట్టి ఇస్తారు. కుండ, గింజ, 16 గంటల వెలుతురు ఒకే చోట కుదిరితే ఆడ పిట్టకు ఆగే కారణమే కనపడదు.

ఒక విడతకు నాలుగు నుంచి ఆరు గుడ్లు. రోజు విడిచి రోజు పెడుతుంది. ఒక్కో గుడ్డు పొదగడానికి సుమారు 18 రోజులు, పిల్లలు కుండ దాటి బయటికి రావడానికి ఐదు వారాలు. చాలాసార్లు మొదటి పిల్లలు కుండలో ఉండగానే తల్లి రెండో విడత మొదలుపెడుతుంది. ఇంట్లోవాళ్ళకు ఇది సంబరం. పిట్టలు బాగా కలిసి వచ్చాయంటారు, పక్కింటికీ పిన్నిగారింటికీ జతలు పంచుతారు. తల్లి ఒంట్లో మాత్రం కాల్షియం ఖాళీ అవుతూ వస్తుంది. గుడ్డు పెంకుకు కావాల్సిన కాల్షియం మేతలో దొరక్కపోతే శరీరం దాన్ని ఎముకల నుంచి లాగుతుంది. చివరికి ఒక రోజు గుడ్డు లోపలే అడ్డం పడుతుంది. పిట్ట పంజరం అడుగున కూర్చుని, ఈకలు ఉబ్బించి, తోక ఆడిస్తూ ముక్కుతూ ఉంటుంది. వెంటనే వైద్యం అందకపోతే బతకదు. నిన్నటిదాకా బాగానే ఉండి ఉన్నట్టుండి పోయిందని చెప్పుకునే ఆడ పిట్టల్లో కొన్ని ఇలా పోయినవే.

అందుకని విశ్రాంతి అంటే రాత్రి నిద్ర ఒక్కటే కాదు, గుడ్ల నుంచి విశ్రాంతి కూడా. ఏడాదికి రెండు విడతలు చాలు. ఆ తర్వాత కుండ తీసేయాలి. కుండ తీయగానే పిట్ట గిన్నెలోనో పంజరం మూలలోనో పెట్టే ప్రయత్నం చేయవచ్చు. అప్పుడు పంజరాన్ని సందె వేళకే చీకటి గదికి మార్చి, 12 నుంచి 14 గంటల రాత్రి ఇస్తే చాలా పిట్టల్లో ఆ తొందర తగ్గుతుంది. సముద్రపు నురుగు అని పిలిచే తెల్లటి కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ ఒంటి లోపలి గుల్ల) ముక్క పంజరానికి కట్టి ఉంచితే కాల్షియం అందుతుంది. సముద్ర తీరం పొడవునా అలలకు కొట్టుకొచ్చే వస్తువే అది. మంచినీళ్ళలో కొన్ని రోజులు నానబెట్టి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి వాడుకోవాలి.

వెలుతురు తర్వాత శబ్దం. ఇక్కడ ఒక అపోహ ఉంది. ప్రశాంతత అంటే చప్పుడే లేకపోవడం అనుకుని, ఉద్యోగాలకు వెళ్ళేటప్పుడు పిట్టలను తలుపులు మూసిన గదిలో పెట్టి పోతారు. గుంపులో బతికే పిట్టలకు పూర్తి నిశ్శబ్దం మంచి సంకేతం కాదు. చెట్టు మీద కిచకిచలు ఒక్కసారిగా ఆగిపోయాయంటే డేగ వచ్చిందని అర్థం. పిట్టకు కావాల్సింది తెలిసిన చప్పుడు, రోజూ ఒకే వేళకు వచ్చే చప్పుడు. ఆమదాలవలసలో రైలు పట్టాల పక్క ఇళ్ళలో పెరిగే పిట్టలు రైలు కూతకు తల తిప్పకపోవచ్చు, అదే పిట్టలు నేల మీద స్టీలు గిన్నె పడితే పంజరమంతా కొట్టుకోవచ్చు. రైలు చప్పుడు దూరం నుంచి మెల్లగా పెరిగి, వచ్చి, పోతుంది. దానివల్ల ఏ హానీ జరగదని పిట్ట నేర్చుకుంటుంది. గిన్నె చప్పుడుకు ముందూ వెనకా ఏమీ ఉండదు.

దీనికి మంచి ఉదాహరణ టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఉంది. ఏటా అక్కడికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి మధ్య చెట్ల మీదే గూళ్ళు కట్టుకుని పిల్లలను లేపుకుంటాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు అలాగే వస్తాయి. ఊరు అన్నాక బండ్లు తిరుగుతాయి, పిల్లలు అరుస్తారు, కుక్కలు మొరుగుతాయి. అయినా ఆ పక్షులు మనుషులకు అంత దగ్గరగా గూడు పెట్టడానికి కారణం, ఆ ఊరి మనుషులు వాటి జోలికి పోకపోవడం. పక్షులు రావడం ఊరికి శుభమని అక్కడివాళ్ళ నమ్మకం. ఏటికేడాది ఎవరూ రాయి విసరరని పక్షులకు తెలిసిపోయింది. ఆ నమ్మకం కుదిరిన చోట చప్పుడు ఉన్నా ప్రశాంతతే.

పక్షి చెవి గురించి ఒక మాట. పెద్ద శబ్దాలకు మన చెవిలో దెబ్బతిన్న సూక్ష్మ కణాలు మళ్ళీ పుట్టవు, పక్షుల్లో పుడతాయి. 1980ల చివర ఈ సంగతి బయటపడింది. కాబట్టి డీజే బాక్సుల వల్ల పిట్టకు శాశ్వతంగా చెవుడు వస్తుందన్నది పెద్ద భయం కాదు. అసలు భయం వేరే ఉంది. పక్షుల కాళ్ళలో అదురును పసిగట్టే ప్రత్యేక నాడీ గ్రాహకాలు ఉన్నాయి. కొమ్మ మీద పాము పాకినా, పిల్లి ఎక్కినా కాలికి ముందుగా తెలిసేది వాటివల్లే. వినాయక నిమజ్జనం ఊరేగింపులో డీజే బండి ఇంటి ముందు ఆగితే కిటికీ అద్దాలు అదురుతాయి, గోడ అదురుతుంది, పంజరం కర్ర అదురుతుంది. పిట్టకు అది పాట కాదు. తాను కూర్చున్న కొమ్మ మీదికి ఏదో ఎక్కుతోంది, ఎటు నుంచో తెలియదు, ఎగిరిపోదామంటే దారి లేదు. ఒంట్లో కార్టికోస్టెరాన్ అనే హార్మోను పెరుగుతుంది. కాసేపటికి అంతా సద్దుమణిగితే అదీ తగ్గిపోతుంది, దానివల్ల నష్టం లేదు. రోజుల తరబడి అలాగే ఉంటే జబ్బులను తట్టుకునే శక్తి తగ్గుతుంది. పండగ వెళ్ళిన వారానికి పిట్ట జబ్బు పడితే ఆ వారం కిందటి రాత్రులను గుర్తు చేసుకోవాలి.

దీపావళి సంగతి వేరే చెప్పాలి. ఉత్తరాంధ్రలో దీపావళి మందులు ఒక్క రాత్రితో అయిపోవు, నాగుల చవితి దాకా ఎక్కడో ఒక చోట పేలుతూనే ఉంటాయి. బాణాసంచాకు పక్షులు ఎంతగా బెదురుతాయో నెదర్లాండ్స్‌లో వాతావరణ రాడార్లతో చూశారు. కొత్త సంవత్సరం రాత్రి 12 దాటిన కొద్ది నిమిషాలకే వేల పక్షులు నిద్ర విడిచి గాలిలోకి లేచాయి. మామూలు రాత్రి ఎగరనంత ఎత్తుకు, 500 మీటర్ల దాకా వెళ్ళాయి. ఆ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. పంజరంలో పిట్టకు ఎగరడానికి ఆ 500 మీటర్లు ఉండవు, ఉన్నది అడుగున్నర. ఆ భయమంతా తీగల మీదే తేలుతుంది.

విజయనగరం వాసులకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఏ రోజో ముందే తెలుసు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, ముందు రోజు సోమవారం తొలేళ్ళు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా వీధుల్లో ఇళ్ళున్నవాళ్ళు ఆ రెండు రోజులకు పంజరాన్ని వీధి వైపు నుంచి లోపలి గదికి మార్చుకోవాలి. అదే రోజు మార్చడం కంటే వారం ముందు మార్చడం మేలు. కొత్త చోటు, కొత్త చప్పుడు రెండూ ఒకేసారి మీదపడితే పిట్ట తట్టుకోలేదు. కిటికీ తలుపులు మూసి, ఫ్యాన్ తిప్పి, పంజరానికి రోజూ వాడే గుడ్డే కప్పి, రోజూ పెట్టే వేళకే మేత పెట్టాలి. ఇల్లంతా చుట్టాలతో నిండి ఉంటుంది కాబట్టి ఆ గదిని పిల్లల ఆటలకు ఇవ్వకుండా కాపాడుకోవడమే ఇందులో అసలు కష్టం.

గుడ్డ కప్పమనగానే దుప్పట్లు చుట్టేవాళ్ళు ఉన్నారు. మన మే నెల ఉక్కపోతలో అది ప్రమాదం. పక్షులకు చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకోవడమే వాటికి తెలిసిన చల్లదనం. గాలిలో తేమ ఎక్కువైతే రొప్పినా వేడి అంత సులువుగా పోదు. ముదురు రంగు పల్చని నూలు గుడ్డ, పాత లుంగీ అయినా సరే, మూడు వైపులా కప్పి, గోడ వైపు గాలికి వదిలేస్తే చాలు. అసలు గుడ్డతో పని లేకుండా సందె వేళ పంజరాన్ని లైటు వేయని వెనక గదికి చేర్చడం అన్నింటికన్నా మంచిది. పెద్ద పంజరం కదపలేనివాళ్ళు నిద్రకు మాత్రం ఒక చిన్న పంజరం పెట్టుకోవచ్చు. వంటిల్లు మాత్రం వద్దు. అడుగంటి మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే ఆవిరి మనకు వాసనైనా తెలియకముందే పిట్టలను చంపగలదు. దేవుడి గది పక్కన అగరుబత్తి, సాంబ్రాణి పొగలు, పడకగదిలో దోమల కాయిల్ పొగ కూడా వాటి ఊపిరికి బరువే. దోమలను వదిలేయమని కాదు, పావురాలకు మశూచి దోమల ద్వారానే వస్తుంది. పంజరం మీద దోమతెర కడితే ఆ గొడవా లేదు, పొగ గొడవా లేదు.

ఇంత చీకటి గురించి చెప్పాక కాక్టెయిల్స్ దగ్గర ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పవుతుంది. ఇవి నడిరాత్రి చిన్న కదలికకు ఉలిక్కిపడి, దారి కనపడక పంజరమంతా కొట్టుకుంటాయి. కొత్తగా మొలుస్తున్న ఈకల్లో నెత్తురు ఉంటుంది, అవి విరిగితే రక్తం కారుతుంది. అలాంటి పిట్టలున్న గదిలో దూరంగా, నేలకు దగ్గరగా, కాషాయం రంగులో చాలా సన్నని దీపం ఒకటి ఉంచడం మంచిది. కర్ర కనిపించేంత వెలుతురు చాలు. దీపం పెట్టినా భయం తగ్గకపోతే కారణం పంజరం కింద వెతకాలి. పగలంతా రాలిన గింజల కోసం రాత్రి ఎలుకలు, పందికొక్కులు వస్తాయి. వాటి కోసం పాము వస్తుంది. పల్లె ఇళ్ళలో జెర్రిపోతు పంజరం దాకా రావడం కొత్తేమీ కాదు. సాయంత్రం పూట పంజరం కింద ఒకసారి చీపురు వేసి, ట్రే ఖాళీ చేస్తే చాలా రాత్రులు ప్రశాంతంగా గడుస్తాయి. పిట్ట కొట్టుకుంటున్నప్పుడు చెయ్యి లోపలికి పెట్టకూడదు. ముందు లైటు వేసి, దానికి అలవాటైన గొంతుతో మెల్లగా పలకరించి, అది కర్ర ఎక్కేదాకా ఆగాలి. ఈక నుంచి రక్తం కారుతుంటే కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు మెత్తగా నొక్కి పట్టుకోవాలి.

పగటి విశ్రాంతి గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. పంజరానికి ఒక వైపైనా గోడ ఉండాలి. నెత్తి మీది నుంచి వచ్చేది ఏదైనా పిట్టకు డేగే, కాబట్టి పంజరం మనిషి కళ్ళ ఎత్తులో ఉండాలి. మధ్యాహ్నం రెండు గంటలు ఎవరూ ముట్టుకోకూడదు. ఈకలు రాల్చుకునే రోజుల్లో ఇంకా ఎక్కువ వదిలేయాలి. కొత్తగా తెచ్చిన పిట్టను మొదటి వారం అందరికీ చూపించాలన్న సరదా ఆపుకోవాలి. నెల, నెలన్నర వేరే గదిలో ఉంచడం పాత పిట్టలకు జబ్బులు అంటకుండా కాపాడుతుంది, కొత్తదానికి ఇల్లు అలవాటు పడే వ్యవధీ ఇస్తుంది. మన రామచిలుకను మాత్రం ఎంత ప్రశాంతమైన గదిలో ఉంచినా తప్పే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. దాని నిద్ర చెట్టు మీదే.

తుపాను రాత్రులు ఈ తీరానికి కొత్త కావు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021లో కళింగపట్నం దగ్గర గులాబ్. గాలి మొదలయ్యాక, కరెంటు పోయాక, టార్చిలైటుతో వరండాలో పంజరం విప్పడం పిట్టకూ మనిషికీ ప్రమాదమే. హెచ్చరిక వచ్చిన రోజు పొద్దు ఉండగానే కిటికీలు లేని గోడ పక్కకు చేర్చి, సాయంత్రం మేత కడుపునిండా తిననిచ్చి, నీళ్ళు తొణకని బరువైన మట్టి మూకుడులో పోసి ఉంచాలి. జంటను విడదీయకూడదు. గాలి హోరులో పక్కన తోడు ఉంటే కొంతైనా కుదురుగా ఉంటాయి.

విశ్రాంతి అన్నింటికన్నా ఎక్కువ అవసరమయ్యేది జబ్బు పడిన పిట్టకు. అడవిలో నలతగా కనిపించిన పిట్ట ముందుగా వేటకు దొరుకుతుంది, అందుకే పక్షులు జబ్బును చివరిదాకా దాస్తాయి. ఆరోగ్యంగా నిద్రపోయే పిట్ట తరచుగా ఒంటికాలి మీద నిలబడి, తల వెనక్కి తిప్పి ఈకల్లో పెట్టుకుంటుంది. చప్పుడైతే వెంటనే ఈకలు సర్దుకుంటుంది. జబ్బు పిట్ట రెండు కాళ్ళ మీదా కూలబడి, పగటి పూట ఈకలు ఉబ్బించుకుని, ఊపిరికి తోక పైకీ కిందికీ ఆడిస్తుంది, పిలిచినా కుదురుకోదు. అలా కనపడిన వెంటనే వెచ్చగా 30 డిగ్రీల ప్రాంతంలో, మసక చీకట్లో, ఒంటరిగా ఉంచాలి. వెచ్చదనం కోసం వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పెట్టె ఒక పక్కన పెడితే చాలు, ఎక్కువైతే రెండో పక్కకు జరిగే చోటు ఉండాలి. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయడం, ఇంటిల్లిపాదీ వంతులవారీగా చేతిలోకి తీసుకుని చూడడం దాన్ని ఇంకా కుంగదీస్తాయి.

పశువైద్యశాలకు తీసుకెళ్ళేటప్పుడు ఊగే పంజరం కంటే గాలి కన్నాలు పెట్టిన చిన్న అట్టపెట్టె మేలు, అడుగున జారని గుడ్డ పరవాలి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. దూరం ప్రయాణమైతే ముందుగా ఫోన్ చేసి, పిట్టలను చూసే డాక్టరు ఆ రోజు ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరడం మంచిది. పట్టుకోవాల్సి వస్తే ఛాతీ మీద వేళ్ళు బిగించకూడదు. పక్షికి మనలాంటి డయాఫ్రమ్ (ఊపిరి ఆడించే కండర పొర) లేదు, రొమ్ము ఎముక ముందుకు వెనక్కి కదిలితేనే ఊపిరి ఆడుతుంది. బస్సులో పెట్టెను సీటు కింద కాకుండా ఒళ్ళో పెట్టుకుంటే కుదుపులు తగ్గుతాయి. ఎలా ఉందో చూద్దామని దారిలో మూత తీయకూడదు. తీసిన ప్రతిసారీ వెలుతురుకు ఒకసారి, మనిషి ముఖానికి ఒకసారి అది బెదురుతుంది. ఒంట్లో మిగిలిన ఆ కాస్త బలం డాక్టరు బల్ల చేరేదాకా దానికి కావాలి.